ఆ ఓడ మళ్ళీ ఎందుకు రాలేదు?

ఏప్రిల్ మొదటి వారం వచ్చిందంటే ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఒకటే హడావిడి. రోడ్ల పక్కన బ్లూబోనెట్ పూలు విరగబూసి ఉంటాయి. పట్టుపరికిణీలు, పైజమాలు కారెక్కించుకుని, పిల్లల్ని ఆ నీలం పూల మధ్య కూర్చోబెట్టి ఫొటోలు తీయకపోతే మనకి ఆ ఏడాది వసంతం వచ్చినట్టే ఉండదు. మేమూ అదే పని మీద ఒక ఆదివారం ఫ్రెడెరిక్స్‌బర్గ్ వైపు బయల్దేరాం. వైజాగ్ నుంచి వచ్చిన మా అమ్మ, హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయి, నేను, వెనక సీట్లో పులిహోర డబ్బా.

ఫొటోల పని గంటలో అయిపోయింది. మా అమ్మాయికి స్కూల్లో రెండో ప్రపంచ యుద్ధం మీద ప్రాజెక్టు ఉంది. ఆ ఊళ్ళోనే పసిఫిక్ యుద్ధం మీద పెద్ద మ్యూజియం ఉందని, చూసి వెళదామని పట్టుబట్టింది. పీచ్ పళ్ళకీ, జర్మన్ బేకరీలకీ పేరున్న ఆ చిన్న ఊళ్ళో, సముద్రానికి అంత దూరంలో ఓడల మ్యూజియం ఎందుకా అనుకోకండి. పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా నౌకాదళాన్ని నడిపించిన అడ్మిరల్ చెస్టర్ నిమిట్జ్ 1885లో పుట్టింది అక్కడే. వాళ్ళ తాతగారి హోటలు ఇప్పటికీ మెయిన్ స్ట్రీట్‌లో ఓడ ముందుభాగంలా కనిపిస్తుంది. మ్యూజియం అక్కడే ఉంది.

"యుద్ధాల మ్యూజియంలో నాకేముంటుందే, మీరు వెళ్ళిరండి, నేనిక్కడ బెంచీ మీద కూర్చుంటాను" అంది అమ్మ. బతిమాలి లోపలికి తీసుకెళ్ళాం. పెర్ల్ హార్బర్ దాడిలో పట్టుబడిన జపాన్ బుల్లి జలాంతర్గామి ఒకటి ఆ మ్యూజియంలో ఉంది. దాని ముందు అమ్మ ఆగిపోయింది. కాసేపు చూసి, "ఇవాళ తారీఖెంత?" అంది.

"ఆరు అమ్మమ్మా" అంది మా అమ్మాయి.

"ఏప్రిల్ ఆరు. మా ఊరి మీద వీళ్ళు బాంబులేసిన రోజు."

మా అమ్మాయి నోరు తెరిచి నా వైపు చూసింది. నిజం చెప్పాలంటే తప్పు నాదే. ఈ కథ నేను చిన్నప్పటినుంచి విన్నదే అయినా దానికి ఎప్పుడూ చెప్పలేదు.

మీలో విశాఖపట్నం, కాకినాడ వైపు వాళ్ళు ఈ కథ వినే ఉంటారు. 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు ఆ రెండు ఊళ్ళ మీదా బాంబులు వేశాయి. చనిపోయినవాళ్ళు కొద్దిమందే కానీ, భయం మాత్రం జిల్లాలు దాటింది. అప్పటికే నెల క్రితం, మార్చిలో, రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్ళిన మనవాళ్ళు అన్నీ పోగొట్టుకుని తిరిగొచ్చి, చూసినవన్నీ చెబుతున్నారు. ఇక తర్వాతి వంతు మనదే అని అందరూ అనుకున్నారు. మద్రాసు నగరం కూడా ఆ ఏప్రిల్లో సగానికి సగం ఖాళీ అయిపోయింది. బాంబులు పడి బోనులు విరిగితే ప్రమాదమని జూలో క్రూరమృగాల్ని కాల్చి చంపేశారు.

మా అమ్మమ్మకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. చంకలో ఎనిమిది నెలల మా పెద్దమావయ్య. కాపురం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర. తాతయ్య హార్బర్‌లో గుమాస్తా. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, ఉన్న నాలుగు గుడ్డలు మూటగట్టి, ఎద్దుబండి మీద గజపతినగరం దగ్గర పుట్టింటికి చేరారు. వాన వస్తే చాలు, ఉరుముకీ బాంబుకీ తేడా తెలియక పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని మంచం కింద దూరేదాన్నని చెప్పేది. నెలలు గడిచాయి. మళ్ళీ ఎవరూ రాలేదు. మెల్లగా అందరూ పట్నం తిరిగొచ్చారు. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఏటా ఏప్రిల్లో ఒక మాట అనేది. "అంత తేలిగ్గా వచ్చి వేసి పోయినవాళ్ళు మళ్ళీ ఎందుకు రాలేదో!" తర్వాత జవాబూ తనే చెప్పుకునేది. "సింహాద్రప్పన్న అడ్డం పడ్డాడు."

అప్పన్న స్వామి సంగతి నాకు తెలియదు కానీ, అమ్మమ్మ ప్రశ్నకి జవాబు ఉంది. ఆ రోజు నుంచి మా అమ్మాయీ నేనూ కూర్చుని పుస్తకాలు చదివి దాన్ని పట్టుకున్నాం. ఈ నెల శీర్షికలో అదే చెబుతాను.

ముందుగా, ఆ విమానాలు ఎక్కడినుంచి వచ్చాయి? 'ర్యూజో' అనే విమానవాహక నౌక నుంచి. చిన్నపాటిది. దానితో పాటు కొన్ని క్రూజర్లు బంగాళాఖాతంలోకి వచ్చి, కొద్దిరోజుల్లో దాదాపు 20 సరుకుల ఓడల్ని ముంచేశాయి. అదే సమయంలో జపాన్‌కి చెందిన ఐదు పెద్ద విమానవాహక నౌకలు సింహళం మీద పడ్డాయి. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద బాంబులు వేశాయి. రెండు బ్రిటిష్ క్రూజర్లనీ, హెర్మిస్ అనే విమానవాహక నౌకనీ ముంచాయి.

మరి మన తీరాన్ని కాపాడాల్సిన బ్రిటిష్ నౌకాదళం ఏమైంది? అడ్మిరల్ సోమర్‌విల్ దగ్గర ఉన్న యుద్ధనౌకలు చాలావరకు పాతవి. జపాన్ వాళ్ళతో ఎదురుపడితే అన్నీ మునుగుతాయని ఆయనకి అర్థమైంది. ఉన్నవాటిని కాపాడుకోవాలని పాత యుద్ధనౌకల్ని ఆఫ్రికా తీరానికి, కెన్యాలోని కిలిండినీ రేవుకి పంపేశాడు. సైనికంగా చూస్తే తెలివైన నిర్ణయమే. ఓడలు మిగిలాయి. కానీ మద్రాసు నుంచి కలకత్తా దాకా తీరమంతా దిక్కులేనిదైంది. వన్‌టౌన్ వీధిలో చంటిపిల్లాడితో నిలబడ్డ అమ్మమ్మకి తెలియని సంగతి ఇది. తనని కాపాడటం కుదరదని ఎక్కడో ఎవరో ముందే తేల్చేసుకున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎదురులేని చోటికి జపాన్ మళ్ళీ ఎందుకు రాలేదు?

జవాబు బాంబులు పడకముందే తయారైంది. కొలంబో మీద దాడి జరిగిన ఏప్రిల్ 5నే టోక్యోలో నౌకాదళ పెద్దలు అడ్మిరల్ యమమోటో పథకానికి తలూపారు. మన మీద బాంబులు పడటానికి సరిగ్గా ఒకరోజు ముందన్నమాట. ఆ పథకం పేరు మిడ్‌వే. పసిఫిక్ మధ్యలో ఉన్న ఆ చిన్న దీవి మీద పడితే, పెర్ల్ హార్బర్‌లో దొరకకుండా తప్పించుకున్న అమెరికా విమానవాహక నౌకలు దాన్ని కాపాడటానికి వస్తాయి, అప్పుడు ఒక్క దెబ్బతో పని ముగించవచ్చు అన్నది యమమోటో లెక్క. ఏప్రిల్ 18న డూలిటిల్ నాయకత్వంలో 16 అమెరికా బాంబర్లు హార్నెట్ అనే నౌక మీద నుంచి లేచి టోక్యో మీద, మరికొన్ని ఊళ్ళ మీద బాంబులు వేసి వెళ్ళాయి. జరిగిన నష్టం తక్కువే, కానీ చక్రవర్తి ఉండే నగరం మీదకే వచ్చారన్న అవమానం ఎక్కువ. ఇక మిడ్‌వేకి అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయారు. జపాన్ చూపు హిందూ మహాసముద్రం నుంచి పూర్తిగా తూర్పుకి తిరిగింది.

ఇక్కడిదాకా చదివి మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "ఏప్రిల్లో వైజాగ్ వచ్చిన ఓడ జూన్‌లో మిడ్‌వే యుద్ధంలో ఉందా?" నేను ఉండే ఉంటుందన్నాను. వెతికితే లేదు. ఎందుకు లేదో తెలుసుకుంటే జపాన్ ఎందుకు ఓడిందో కూడా చాలావరకు తెలిసిపోయింది.

పసిఫిక్ యుద్ధం మొదటి ఆరు నెలల్లో జపాన్ నౌకాదళం చేసిన ప్రయాణం చూడండి. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసినప్పుడు ఆరు పెద్ద విమానవాహక నౌకలు ఒక్కచోట, ఒక్క పని మీద ఉన్నాయి. ఏప్రిల్లో హిందూ మహాసముద్రం. మే నెలలో వాటిలో రెండింటిని, షోకాకు, జుయికాకు అనేవాటిని, ఆస్ట్రేలియాకి ఈశాన్యాన ఉన్న కోరల్ సముద్రానికి పంపారు. అక్కడ అమెరికన్లతో జరిగిన యుద్ధంలో ఒకటి బాగా దెబ్బతింది. రెండోదానికి దెబ్బ తగలలేదు కానీ విమానాలు, పైలట్లు చాలామంది పోయారు. ఇక జూన్‌లో ఒకే వారంలో రెండు పనులు పెట్టుకున్నారు. ఒకటి మిడ్‌వే. రెండోది అక్కడికి దాదాపు 3,000 కిలోమీటర్ల ఉత్తరాన, అలాస్కాకి చెందిన అల్యూషియన్ దీవులు. మిడ్‌వేకి నాలుగు పెద్ద నౌకలు వెళ్ళాయి. ర్యూజోనీ, జున్యో అనే ఇంకో నౌకనీ అలాస్కా మంచులోకి పంపారు. యమమోటో తన మహా యుద్ధనౌకలతో వందల మైళ్ళ వెనక ఉన్నాడు.

ఒకే ముహూర్తానికి రెండు ఊళ్ళలో రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుని, వంటవాళ్ళని చెరిసగం పంచిన ఇల్లు ఎలా ఉంటుందో మనకి తెలుసు. మొత్తం మీద లెక్కపెడితే జపాన్ బలమే ఎక్కువ. కానీ అవసరమైన చోట, అవసరమైన రోజున అది లేదు.

అవతలి పక్క నిమిట్జ్ దగ్గర ఉన్నది తక్కువ. అయితే ఆయనకి ఒక సంగతి తెలుసు. పెర్ల్ హార్బర్‌లో ఒక నేలమాళిగలో జోసెఫ్ రోష్‌ఫర్ట్ అనే అధికారి బృందం రాత్రింబవళ్ళు జపాన్ నౌకాదళం కోడ్‌ని విప్పుతోంది. అందులో 'ఏఎఫ్' అనే చోటి మీద పెద్ద దాడి జరగబోతోందని తెలిసింది. ఏఎఫ్ అంటే మిడ్‌వే అని రోష్‌ఫర్ట్ బృందం నమ్మకం. వాషింగ్టన్‌లో కొందరు పెద్దలు ఒప్పుకోలేదు. అప్పుడు ఒక ఉపాయం వేశారు. మిడ్‌వేలో మంచినీళ్ళ యంత్రం పాడైందని, కోడ్ లేకుండా మామూలు మాటల్లో రేడియోలో చెప్పమని సముద్రం అడుగున ఉన్న కేబుల్ ద్వారా మిడ్‌వేకి రహస్యంగా కబురు పంపారు. కొద్దిరోజుల్లో జపాన్ సందేశాల్లో 'ఏఎఫ్‌లో నీళ్ళకి ఇబ్బందిగా ఉంది' అన్న వార్త కనిపించింది. దాంతో సందేహం తీరిపోయింది.

ఈ కథలో మన పాఠకులకి తప్పకుండా చెప్పాల్సిన పేరు ఒకటి ఉంది. ఆగ్నెస్ మేయర్ డ్రిస్కాల్. ఇక్కడే టెక్సాస్‌లో, అమరిల్లోలో లెక్కల టీచరుగా పనిచేసి, 1918లో నౌకాదళంలో చేరింది. జపాన్ కోడ్‌ల మీద ఏళ్ళ తరబడి కూర్చుంది. రోష్‌ఫర్ట్‌కి ఈ విద్య నేర్పినవారిలో ఆవిడ ఒకరు. 1939లో జపాన్ మొదలుపెట్టిన కొత్త నౌకాదళ కోడ్ మీద మొదటి పట్టు దొరికించుకున్నవారిలో కూడా ఆవిడ ముఖ్యురాలు. యుద్ధం ముగిసేనాటికి 10,000 మందికి పైగా అమెరికన్ మహిళలు కోడ్‌లు విప్పే పనిలో ఉన్నారు. చాలామంది స్కూలు టీచర్లు, అప్పుడే కాలేజీ దాటిన అమ్మాయిలు. ఆఫీసులో ఏం చేస్తున్నావంటే, పెన్సిళ్ళు చెక్కుతున్నాను అని చెప్పి ఊరుకునేవాళ్ళు. ఇంట్లో వాళ్ళకి కూడా ఏళ్ళ తరబడి నిజం చెప్పలేదు.

నిమిట్జ్ ఆ నేలమాళిగ మాటనే నమ్మాడు. నమ్మి, ఉన్న మూడు విమానవాహక నౌకల్నీ ఒక్కచోటే పెట్టాలని తీర్మానించాడు. ఎంటర్‌ప్రైజ్, హార్నెట్ సిద్ధంగా ఉన్నాయి. మూడోది యార్క్‌టౌన్, కోరల్ సముద్రంలో బాంబు దెబ్బ తిని కుంటుకుంటూ మే 27న పెర్ల్ హార్బర్ చేరింది. బాగుచేయడానికి మూడు నెలలు పడుతుందని అంచనా. నిమిట్జ్ మూడు రోజులిచ్చాడు. 1,400 మంది పగలూ రాత్రీ పనిచేశారు. మే 30న ఆ ఓడ మళ్ళీ సముద్రంలో ఉంది. తగ్గిన విమానాల చోట, మరో నౌకకి చెందిన స్క్వాడ్రన్లని ఎక్కించారు.

ఇది సాధ్యమైంది ఎందుకు? పెర్ల్ హార్బర్ దాడిలో జపాన్ వాళ్ళు యుద్ధనౌకల్ని ముంచారు కానీ, మరమ్మతు షెడ్లనీ, చమురు ట్యాంకుల్నీ ముట్టుకోలేదు. డిసెంబరులో వదిలేసిన ఆ షెడ్లలోనే మే నెలలో యార్క్‌టౌన్ లేచి నిలబడింది. మరి జపాన్ ఏం చేసింది? జుయికాకు ఓడకి దెబ్బే తగలలేదు. షోకాకులో మిగిలిన విమానాల్ని దానికి చేర్చి పంపి ఉండవచ్చు. దాని పైలట్ల బృందం దానిదే, దీనిది దీనిదే అన్న పద్ధతి మార్చుకోకుండా రేవులోనే ఉంచేశారు. ఒకరు విరిగినదాన్ని అతికించి తెచ్చుకున్నారు, ఇంకొకరు బాగున్నదాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళారు.

ఇంకొక సంగతి. అలాస్కా మీద కూడా దాడి జరగబోతోందని నిమిట్జ్‌కి ముందే తెలుసు. అయినా అక్కడికి కొన్ని క్రూజర్లు, డిస్ట్రాయర్లు మాత్రమే పంపాడు. ఒక్క విమానవాహక నౌకని కూడా పంపలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

జూన్ 4 ఉదయం మిడ్‌వే దగ్గర మొదట అమెరికాకి దెబ్బ మీద దెబ్బ తగిలింది. హార్నెట్ నుంచి వెళ్ళిన 15 టార్పెడో విమానాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. వాటిలో వెళ్ళినవారిలో బతికి బయటపడింది ఒకే ఒక్కడు, మన టెక్సాస్ వేకోలో పుట్టిన జార్జ్ గే. తర్వాత పది గంటలు దాటాక ఎంటర్‌ప్రైజ్, యార్క్‌టౌన్‌ల డైవ్ బాంబర్లు పైనుంచి దిగాయి. కొద్ది నిమిషాల్లో అకాగి, కాగా, సోర్యూ అనే మూడు నౌకలు మంటల్లో ఉన్నాయి. సాయంత్రానికి నాలుగోది, హిర్యూ. ఈ నాలుగింటిలో కాగా తప్ప మిగిలిన మూడూ రెండు నెలల కిందట సింహళం మీద బాంబులు వేసినవే. అమెరికా యార్క్‌టౌన్‌ని పోగొట్టుకుంది. 3,000 మందికి పైగా జపాన్ వాళ్ళు, 300 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. తర్వాత ఇంకా మూడేళ్ళు యుద్ధం సాగింది. ఈ ఒక్కరోజే యుద్ధాన్ని గెలిపించిందని అనను. కానీ నచ్చిన చోటికి వెళ్ళి నచ్చిన ఊరి మీద బాంబులు వేసే స్వేచ్ఛ జపాన్ నౌకాదళానికి ఆ రోజుతో పోయింది.

ఇక మన ర్యూజో. జూన్ 3, 4 తేదీల్లో అది అలాస్కాలోని డచ్ హార్బర్ మీద బాంబులు వేస్తోంది. మిడ్‌వేలో ఒక్క నౌక ఎక్కువున్నా ఫలితం ఎలా ఉండేదో ఎవరం చెప్పలేం. కానీ అది అక్కడ లేదు. పైగా అలాస్కాలో ఒక వింత జరిగింది. ర్యూజో నుంచి లేచిన జీరో యుద్ధవిమానం ఒకటి తూటా తగిలి అకుటాన్ అనే దీవిలో దిగబోయింది. పైనుంచి గట్టి నేలలా కనిపించింది నిజానికి బురద. చక్రాలు దిగబడి విమానం తలకిందులైంది. పైలట్ చనిపోయాడు. జూలైలో అమెరికన్లకి ఆ విమానం దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. దాన్ని శాండియాగో తీసుకెళ్ళి బాగుచేసి, సెప్టెంబరులో ఎగరేసి చూశారు. అప్పటిదాకా ఎదురులేదనుకున్న ఆ విమానానికి వేగంలో ఒక పక్కకి తిరగడం కష్టమని, ఒక్కసారిగా ముక్కు కిందికి వంచితే ఇంజను ఆగిపోతుందని తెలిసింది. దాన్నిబట్టి అమెరికన్ పైలట్లకి తప్పించుకునే మెలకువలు నేర్పారు. మన ఊరి మీద బాంబులేసిన ఓడ పుట్టింటి రహస్యం శత్రువు చేతిలో పెట్టినట్టయింది.

ఆ క్రూజర్ల సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్లో ర్యూజోతో బంగాళాఖాతం వచ్చినవాటిలో మికుమా ఒకటి. మిడ్‌వే నుంచి తిరిగిపోతూ జూన్ 6న మునిగింది. మన మీద బాంబులు పడి సరిగ్గా రెండు నెలలు. ర్యూజో ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర మునిగింది. అప్పటికి ఐదు నెలలు కూడా నిండలేదు. గజపతినగరంలో అమ్మమ్మ ఉరుములకి ఉలిక్కిపడుతున్న రోజులకే ఆ ఓడ సముద్రం అడుక్కి చేరిపోయింది. కానీ ఆ సంగతి అమ్మమ్మకి చెప్పేవాళ్ళెవరు?

ఇక్కడితో ఆపేస్తే ఇది గెలుపు కథ. కానీ నేను గుర్తుపెట్టుకోమన్న సంగతి ఒకటుంది.

నిమిట్జ్ అలాస్కాకి విమానవాహక నౌకల్ని పంపలేదు. జూన్ మొదటివారంలోనే జపాన్ సైన్యం అల్యూషియన్ దీవుల్లో అట్టూ, కిస్కా అనే రెండింటిని ఆక్రమించింది. అట్టూలో తరాలుగా ఉంటున్న ఒక చిన్న ఊరు ఉంది. చేపలు పట్టుకుని, బుట్టలు అల్లుకుని బతికే జనం. వాళ్ళని, 40 మందికి పైగా, ఓడెక్కించి జపాన్ తీసుకెళ్ళిపోయారు. ఆకలితో, జబ్బులతో చాలామంది అక్కడే చనిపోయారు. మిగిలినవాళ్ళు యుద్ధం అయ్యాక తిరిగొచ్చినా సొంత ఊరికి వెళ్ళనివ్వలేదు. వేరే దీవిలో పెట్టారు. మిడ్‌వేలో మూడు ఓడల్నీ ఒక్కచోట పెట్టడం సరైన నిర్ణయం. ఆ సరైన నిర్ణయానికి ధర కట్టింది అట్టూ తల్లులు.

అలాగే సోమర్‌విల్ ఓడల్ని ఆఫ్రికా పంపడమూ సరైనదే. ఆ ధర మన తీరం కట్టింది. ఆ ఏప్రిల్ భయంలోనే బ్రిటిష్ ప్రభుత్వం, జపాన్ సైన్యం దిగితే చేతికి చిక్కకూడదని బెంగాల్ తీరంలో పడవల్నీ, మిగులు బియ్యాన్నీ జనం దగ్గర్నుంచి తీసేసుకుంది. జపాన్ సైన్యం దిగలేదు. పడవలు పోయిన జాలర్లు, పంటని సంతకి చేర్చలేని రైతులు మిగిలారు. 1943 బెంగాల్ కరువుకి కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి. ఆ కరువులో లక్షలమంది పోయారు.

వ్యూహం అనగానే మనం ఎక్కడ కొట్టాలో తేల్చుకోవడం అనుకుంటాం. దేన్ని వదిలేయాలో తేల్చుకోవడం అందులో సగం. జపాన్ దేన్నీ వదులుకోలేక అన్నిచోట్లకీ వెళ్ళి ఓడింది. నిమిట్జ్ వదులుకోగలిగి గెలిచాడు. అయితే వదిలేసిన చోట ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. పొయ్యి మీద అన్నం పెట్టుకుని, చంకలో బిడ్డతో. వాళ్ళని ఎవరూ అడగరు. గెలుపు లెక్కల్లో వాళ్ళ పేర్లు ఉండవు.

ఆ ఆదివారం మ్యూజియం వెనక తోటలో కూర్చున్నాం. అది జపాన్ ప్రజలు 1976లో కానుకగా ఇచ్చిన తోట. గులకరాళ్ళు, చిన్న నీటికాలువ, చెట్లు. పోరాడిన దేశం వాళ్ళే వచ్చి, తమని ఓడించిన మనిషి పుట్టిన ఊళ్ళో శాంతి పేరుతో కట్టిన తోట. పులిహోర తింటూ అమ్మ ఒక మాట చెప్పింది. యాభై ఏళ్ళుగా నేను వినని మాట.

"మీ అమ్మమ్మ ఆ ప్రశ్న ఓడ గురించే అడిగేదనుకున్నావా? బండిలో చోటు నలుగురికే ఉంది. తాతయ్య నాయనమ్మ మంచం మీద ఉండేవారు. ఆవిణ్ణి పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. పెద్దాయన నిర్ణయం. పదకొండు రోజులు. తర్వాత తాతయ్య వెళ్ళి తీసుకొచ్చాడు, ఆవిడ బాగానే ఉన్నారు. ఇంకో నాలుగేళ్ళు బతికారు. కానీ మీ అమ్మమ్మ మాత్రం, ఆ ఓడ మళ్ళీ వచ్చి ఉంటే నా గతేమిటి, ఆవిడ మొహం ఎలా చూసేదాన్ని అని ఏటా అనుకునేది. అప్పన్నకి మొక్కింది అందుకే."

మా అమ్మాయి తినడం ఆపి వింటోంది. "మరి వాళ్ళు చేసింది తప్పా అమ్మమ్మా?" అంది.

"తప్పు కాదే. చంటిపిల్లాణ్ణి వదిలి ముసలావిణ్ణి తీసుకెళ్ళరు కదా. తప్పు కాకపోయినా మర్చిపోకూడదు. అంతే."

మా అమ్మాయి ప్రాజెక్టు పేరు మార్చింది. మిడ్‌వే యుద్ధం అని మొదలుపెట్టింది, ఇప్పుడు దాని పేరు 'విశాఖపట్నం నుంచి అట్టూ దాకా'. అమ్మ చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకుంది. అమ్మమ్మ కట్టుకున్న మూటలో ఏమేమి ఉన్నాయో కూడా అడిగి రాసుకుంది. రెండు చీరలు, పిల్లాడి ఉయ్యాల గుడ్డ, పసుపు కుంకుమల డబ్బా, వెండి ఉగ్గుగిన్నె. ఆ ఉగ్గుగిన్నెతోనే నాకూ ఉగ్గు పెట్టారట. ఇప్పుడది పెద్దమావయ్య కొడుకు దగ్గర, న్యూజెర్సీలో ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు ఉంటే, వైజాగ్, కాకినాడ, మద్రాసు, రంగూన్ ఏదైనా సరే, ఆ 1942 గురించి అడిగి చూడండి. అప్పటివాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు, విన్నవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. ఈ వేసవిలో ఇండియా వెళ్ళేవాళ్ళు విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న మ్యూజియంలో అప్పుడు పడి పేలని జపాన్ బాంబు ఒకటి ఉంది, పిల్లలకి చూపించండి. చూపించి, పక్కన ఓ నిమిషం నిలబడి, మీ ఇంట్లో ఎవరు ఎవర్ని ఎత్తుకుని పరుగెత్తారో, ఎవర్ని వదిలి వచ్చారో కూడా చెప్పండి.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.